మైనపు తండ్రి, తల్వీనియ పేరు

రోమక నగరంలో వీధి తొట్లన్నీ ఎండిపోయాయి. కొండ మీది నీళ్లన్నిటినీ ముర్కో తన చేపల కొలనుకు మళ్లించుకున్నాడు. ముర్కో ఆ దేశానికి కాన్సుల్, అంటే ఏడాదికోసారి జనమే ఎన్నుకునే పెద్ద అధికారి. ఎన్నుకున్నవాళ్ల గొంతే ఎండగట్టాడు, దుర్మార్గుడు!

అడ్డుపడినవాడు నీటి అధికారి తల్వీనియస్ ఒక్కడే. ముర్కో ఓ మాంత్రికుణ్ణి తల్వీనియస్ ఇంటికి పంపి, ఆ వంశం పేరునే శపింపజేశాడు. ఆ పేరున్న మగవాళ్లంతా మైనపు బొమ్మలయ్యారు. ఆ పేరు పలకబోతే ఎవరికీ నోరు పెగలలేదు. ఎండలు ముదిరితే ఆ బొమ్మలు కరిగిపోతాయి.

ఆ దేశంలో ఆడపిల్లకు సొంత పేరు పెట్టరు, తండ్రి వంశం పేరే ఆమెకూ పేరు. అందుకే తల్వీనియస్ కూతుళ్లిద్దరూ తల్వీనియలే, ఒకతె పెద్ద, ఒకతె చిన్న. బర్రెదూడకైనా ఓ పేరుంటుంది కదా!

పెద్ద తల్వీనియ శాపవిమోచనం తెలుసుకోవడానికి అడవిలోని గుహవాసి అవ్వ దగ్గరికి బయలుదేరింది. దారిలో తోడేలు అడ్డగించింది.

"ఎవరే నువ్వు? పేరు చెప్పకపోతే మింగేస్తా!"

"తల్వీనియను!"

తోడేలు బెదిరిపోయింది. "ఆ పేరు నీకెలా పలికింది?" అంటూ తప్పుకుంది.

నదిలో కొమ్ముల రాక్షసి పకపకా నవ్వింది. "ఇది ఆడపిల్ల పనా? పోయి మీ అన్ననో బాబాయినో పంపు!"

"అందరూ మైనమైపోతే ఎవర్ని పంపను? కళ్లు లేవా నీకు?" అని తల్వీనియ ఉరికి దాని కొమ్ములు పట్టుకుంది. అది ఎంత విదిలించినా వదలక అవతలి గట్టుకు చేరింది.

సంగతంతా విని అవ్వ అంది: "ఆ పేరున్న మనిషి నిండు సభలో దాన్ని పలికితే శాపం విరిగి, పెట్టించినవాడికే తగులుతుందమ్మా. మాంత్రికుడు మగవాళ్లనే లెక్కపెట్టాడు. నిన్ను మరిచిపోయాడు."

"మరిచాడా! మా గుమ్మంలో నన్ను దాటుకునేగా లోపలికెళ్లాడు!" తల్వీనియకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే తిరిగొచ్చి సభలో నిలబడింది. "ఇక్కడ ఆడపిల్ల నోరు విప్పకూడదు!" అని ముర్కో గద్దించాడు.

"నీళ్లు తాగే నోళ్లు ఎండగట్టావు. మాట్లాడే నోరూ కట్టేస్తావా? మా నాన్న తల్వీనియస్! నేను తల్వీనియను!"

ఇంట్లో మైనం పెళపెళా రాలి తండ్రీ, మిగతా మగవాళ్లూ ఊపిరి పీల్చుకున్నారు. శాపం ఎదురు తిరిగి ముర్కో నిలువునా మైనమయ్యాడు. జనం కొలను గట్టు తెగ్గొట్టారు, తొట్లు నిండాయి.

"ఏం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు తండ్రి, ఇంటికొచ్చిన పెద్ద తల్వీనియతో.

"చెల్లికి ఓ పేరు కావాలి నాన్నా."

తండ్రి తలదించుకున్నాడు. తర్వాత చిన్నదాన్ని ఒళ్లోకి తీసుకుని, "ఏ పేరు పెట్టమంటావమ్మా?" అని అడిగాడు. ఆ దేశంలో ఆడపిల్లను ఆ మాట అడగడం అదే మొదలు.

చిన్నది రెండు వేళ్లు చూపించింది. "నాకొకటి, అక్కకొకటి!"