నడుమ ఆగిన జోలపాట

"నేను నిజం చెప్పినందుకు నా కొడుక్కి ఉరి పడేట్లుండాది సార్," అంది వచ్చినావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

అది 2002 డిసెంబరు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక వీధిలో, ఒక మిద్దెమీది గదికి 'ఉలిగప్ప, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు ఉండేది. ఈ ఊళ్ళో డిటెక్టివ్‌కేం పని అని ఆ బోర్డు చూసి నవ్వనివాళ్ళు లేరు. నెత్తిమీదికి వస్తే మాత్రం వాళ్ళూ ఆ మెట్లే ఎక్కేవాళ్ళు. ఉలిగప్పది అగళి. తెలుగు, కన్నడం రెండూ బాగా వచ్చు, రెండింట్లోనూ తక్కువే మాట్లాడతాడు. ఆయన సహాయకుడు జోసెఫ్ ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. తక్కిన రోజుల్లో ఉలిగప్ప బుర్రలాంటి బుర్ర జిల్లాలోనే లేదని నమ్ముతూ గడిపేస్తాడు.

"ముందు కూర్చో అక్కా. నీ పేరు, ఊరు చెప్పు," అన్నాడు ఉలిగప్ప.

"ఈరక్క. మాది ధర్మవరం. నా కొడుకు వీరేష్ మగ్గం నేస్తాడు. పోయిన వారం మా కోడలు అశ్వినిని పట్టుదారంతో గొంతు బిగించి సంపినారు సార్. పోలీసోళ్ళు వీరేష్‌ను పట్టకపోయినారు."

"నువ్వు చెప్పిన నిజమేంది?"

ఈరక్క నోటికి అడ్డం పెట్టుకున్న చీర కొంగు తీసింది. "ఆ పొద్దు దీపాలు పెట్టే యాళకు చుట్టాలింటి నుంచి వచ్చి, దినామూ కూర్చున్నట్లే మా అరుగు మీద కూర్చుంటి. తలుపు మూసుండె. లోపల కోడలు పాడతాండె. పాట అయిపోయినాంక కొళాయి కాడికి పోతి. అంతలో వీరేష్ సావుకారికి చీర ఇచ్చి వచ్చి లోపలికి పోయినాడు. పోతానే అరిచినాడు. ఇదే పోలీసోళ్ళకు చెప్తి. పాడేటప్పుడు బతికుండాది, తర్వాత లోపలికి పోయింది నీ కొడుకొక్కడే కదా అన్న్యారు."

"నువ్వు కొళాయి దగ్గరున్నప్పుడు ఇంకెవరైనా పోయుండొచ్చు కదా?"

"కొళాయి మా తలుపుకెదురుగానే ఉండాది. ఎవురూ పోలేదు. వాకిలి ఒక్కటే. నేను ఇన్న్యా సార్. ఇన్లేదని ఎట్ల చెప్తా?"

జోసెఫ్ రాసుకుంటున్నవాడు తలెత్తాడు. కొడుకును కాపాడుకోవాలని వచ్చిన తల్లి కొడుకు మీదే సాక్ష్యం మళ్ళీ చెబుతోంది. ఉలిగప్ప మాత్రం కళ్ళు మూసుకుని, కోడలు ఏ పాట పాడిందని అడిగాడు.

"జోలపాట. నేను నేర్పిందే. వాళ్ళకొక బిడ్డుండె సార్, రెండేండ్లది. జ్వరమొచ్చి పోయె. బిడ్డ గుర్తుగా ఉంటాదని అశ్విని ఈ ఊర్లోనే ఆనంద్ అనే ఆయప్ప స్టూడియోలో ఆ పాట రికార్డు చేయించె. మొన్న మా వీధిలో పెండ్లి ఊరేగింపులో అదే పాటకు డబడబా డ్రమ్ములేసి పెట్టినారు. తాగినోళ్ళు ఎగిరెగిరి ఆడినారు. మా బిడ్డ జోలపాటకు! వీరేష్ తట్టుకోలేక ఇంటికొచ్చి, నీ గొంతు పిసికేస్తానని వీధంతా ఇనేట్ల అరిచినాడు. నేనూ కోడలితో మాట్లాడేది మానేస్తి."

"ఆ పొద్దు ఎట్లా పాడింది?"

"బాగనే పాడె. కానీ ఒక చరణం పాడేది, ఊరకుండేది. మళ్ళా ఎత్తుకునేది. జోలపాట నడుమ ఆపకూడదు సార్, ఆపితే బిడ్డ లేస్తాది. నేను అట్లే నేర్పింటి. ఏడుపొచ్చి ఆపతాందేమో అనుకుంటి. నాతో మాటల్లేవు కదా, నేను ఇనాలనే పాడతాందని..."

ఉలిగప్ప కళ్ళు తెరిచాడు. "పద జోసెఫ్, ధర్మవరం బస్సు చూడు," అన్నాడు.

ఈరక్క ఇల్లు ఒక్క గది. వెనక కిటికీ కూడా లేదు. మూలన మగ్గం, దాని పక్కన పట్టుదారం కండెలు. గోడ అలమరలో దుమ్ము మధ్య ఒకచోట మాత్రం శుభ్రంగా నలుచదరంగా కనిపించింది. ఇక్కడ ఏముండేదని ఉలిగప్ప అడిగాడు.

"ఆనంద్ టేప్‌రికార్డరు. కోడలికి ఇనేదానికి ఇచ్చిండె. తెల్లారి పరామర్శకు వచ్చి, బాగా ఏడ్చి, ఇది నాదే అవ్వా అని తీసకపోయె. శవం లేచిన ఇంట్లో దాంతో మాకేం పని? నేనే ఎత్తిచ్చినా."

వీధి మొదట్లో ఎస్టీడీ బూత్ నడిపే ఎల్లప్పను అడిగితే, అశ్విని చనిపోయిన రోజు మధ్యాహ్నం హిందూపురానికి ఫోన్ చేసిందని చెప్పాడు. "ఏడుస్తా మాట్లాడె సార్. నా మొగుడు గొంతు పిసుకుతా అన్న్యాడు, ఆ టేపులన్నీ తెచ్చియ్యి, లేకుంటే రేపు బెంగుళూరికి పోయి పాటల కంపెనీవాళ్ళ కాళ్ళు పట్టుకోనైనా ఆపిస్తా అనె. ఈ మాట పోలీసోళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు."

వీరేష్‌ను లాకప్పులో కలిశారు. మనిషి సగమైపోయాడు. దెబ్బలు తిన్న మొహంతో నేలచూపులు చూస్తూ ఒక్కటే మాట చెప్పాడు. "నేను పోయేసరికే చేతులు చల్లగుండె సార్. అప్పుడే పాడిందంట. అప్పుడే పాడిన మనిషి చేతులు అట్లుంటాయా? నేను చెప్తే నవ్వినారు."

మరుసటి రోజు ఇద్దరూ ఆనంద్ స్టూడియోకు వెళ్ళారు. ముప్పై దాటని వాడు, మాటకారి. గోడ నిండా విదేశీ రికార్డులు. వాటి మధ్య, వచ్చే వారం బెంగుళూరులో విడుదల కాబోయే తన సీడీ పోస్టరు. అందులో అశ్విని పాట ఒకటి, దానికే నాలుగు రీమిక్సులు.

"సోల్‌ఫుల్ హౌస్ అంటారన్నా దీన్ని," అన్నాడు ఆనంద్ ఉత్సాహంగా. "డ్రమ్ము గుండె కొట్టుకున్నట్ల ఆగకుండా పోతాంటాది. దానిమీద ఏడ్చే గొంతు ఉండాల. కాళ్ళు ఆడతాంటాయి, కండ్లు తడస్తాంటాయి. బెంగుళూరులో ఒక షాపుకు వారం వారం కొత్త రిలీజులు వస్తాయి. నేను పదేండ్లుగా తిండి మానుకొని కొన్న్యా. అశ్విని లాంటి గొంతు వీటిల్లో ఒక్కదాంట్లో లేదు."

"రీమిక్స్ విని ఆమె ఏమంది?"

"చానా సంతోషపడింది. పాపం."

జోసెఫ్ ఉలిగప్ప వైపు చూశాడు. ఉలిగప్ప ఆ మాటే వినిపించుకోనట్టు రికార్డుల వైపు నడిచాడు. "ఒకే గొంతు పెట్టి అన్ని రీమిక్సులెట్లా చేస్తారప్పా?"

"గొంతు ఒక్కటే వేరే ఇస్తారన్నా, రికార్డు రెండోవైపు." ఆనంద్ ఒక రికార్డు తీసి పెట్టాడు. ఒక ఆడగొంతు వాద్యమేదీ లేకుండా పాడింది. హఠాత్తుగా ఆగింది. గదిలో చడీచప్పుడూ లేదు.

"చెడిపోయిందా?" అన్నాడు జోసెఫ్.

ఆనంద్ నవ్వాడు. "ఆడ మ్యూజిక్ ఉండె, తీసేసినారు. ఆమె హెడ్‌ఫోన్లో దాన్నే ఇంటా తన వంతు కోసం కాసుకోనుంటాది." అంతలోనే గొంతు మళ్ళీ అందుకుంది. ఉలిగప్ప ఇంకో రికార్డు తీయబోతే ఆనంద్ చెయ్యి చటుక్కున అడ్డం వచ్చింది. ఆ అట్ట కాస్త ఉబ్బుగా ఉంది. "అది గీతలు పడిందన్నా, వద్దు."

"అశ్విని గొంతు ఒక్కటే ఉన్నది వినిపిస్తావా?"

"అది చెరిపేసినా. సీడీ అయిపోయినాంక దాంతో పనేముండాది?"

అశ్విని చనిపోయిన సాయంత్రం ఎక్కడున్నావని అడిగితే, పెనుకొండలో పెళ్ళికి డీజే పెట్టానన్నాడు ఆనంద్. జోసెఫ్ పెనుకొండ వెళ్ళి విచారించాడు. నిజమే. మండపంలో దీపాలు వెలిగించే వేళకు ఆనంద్ స్పీకర్లు బిగిస్తూ వందమందికి కనిపించాడు. ధర్మవరం నుంచి మోటారుసైకిల్ మీద ఎంత తోలినా గంట దారి. జోసెఫ్ నీరుగారిపోయి తిరిగొచ్చాడు.

"పాట వినిపించినప్పుడు వాడు పెనుకొండలో ఉన్నాడు సార్. ఇంక మనమేం చేయలేం."

"నేను కాదన్నానా? ఉన్నాడు," అన్నాడు ఉలిగప్ప. "సీఐ గారికి ఫోన్ చెయ్యి. వీరేష్‌ను తీసుకుని ఆనంద్ స్టూడియోకు రమ్మను. ఈరక్కను నేను పిలుచుకొస్తా. నువ్వు కీబోర్డు తెచ్చుకో."

మరునాడు పదిన్నరకు ఆ చిన్న గదిలో అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. సంకెళ్ళతో వీరేష్, చిరాకుగా సీఐ, ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఏం జరుగుతోందో తెలియని ఈరక్క. ఆనంద్ మర్యాదగా అందరికీ కాఫీ తెప్పించాడు.

"సీఐ గారూ, ఆ ఉబ్బిన అట్ట ఒకసారి విప్పించండి," అన్నాడు ఉలిగప్ప.

కానిస్టేబుల్ విప్పాడు. రికార్డు వెనక నుంచి ఒక క్యాసెట్టు జారి కిందపడింది. ఆనంద్ కాఫీ కింద పెట్టి దానికోసం వంగాడు, కానిస్టేబులే ముందు అందుకున్నాడు.

ఉలిగప్ప క్యాసెట్టును మిషన్లో పెట్టి నొక్కాడు. ఏమీ వినిపించలేదు. టేపు తిరుగుతూనే ఉంది. సీఐ విసుక్కోబోతే, ఉలిగప్ప చెయ్యెత్తి ఆపి, టేపును రెండో వైపుకు మార్చి చాలాసేపు ముందుకు తిప్పాడు. దాదాపు చివరికొచ్చాక అశ్విని గొంతు వచ్చింది. వీరేష్ సంకెళ్ళ చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఒక చరణం అయింది. గొంతు ఆగింది. ఈరక్క అప్పటిదాకా గోడకానుకుని ఉన్నదల్లా ముందుకొచ్చింది.

"ఇదే. ఆ పొద్దు ఇనింది ఇదే. ఈడనే ఊరకుండె. ఇప్పుడు ముక్కు పైకి లాగతాది, చూడండి." గొంతు అందుకునే ముందు, టేపులో, ముక్కు ఎగబీల్చిన చిన్న చప్పుడు వినిపించింది.

"జోసెఫ్, మళ్ళా ఆగినప్పుడు వాయించు," అన్నాడు ఉలిగప్ప.

గొంతు ఆగగానే జోసెఫ్ నెమ్మదిగా కీబోర్డు అందుకున్నాడు. అతని వాయింపు ముగిసేచోట అశ్విని మళ్ళీ మొదలుపెట్టింది, ఎదురుగా నిలబడి వంతు తీసుకున్నట్టే. పాట అయిపోయాక మిషన్ టక్కుమని తనంతట తానే ఆగిపోయింది.

"ఇంట్లో ఒక్కతే కూర్చుని పాడుకునే మనిషి ఎవరి వాద్యం కోసం ఆగుతుంది?" ఉలిగప్ప గొంతు పెంచలేదు. "అందులోనూ ఇది ఆపకూడని పాట. అత్త నేర్పిన పాట. అశ్విని ఆగలేదు సార్. ఇక్కడ, హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడినప్పుడు ఆగింది. ఆ రోజు ఇంట్లో పాడింది ఈ క్యాసెట్టు. ఆమె ఫోన్ చేసి టేపులు తెమ్మంది. ఇతను తెచ్చాడు, కానీ ఇది తయారుచేసుకుని మరీ తెచ్చాడు. వీరేష్ ఇంటి దారంతోనే బిగించాడు. సౌండు పెంచి, మిషన్ నొక్కి, తలుపు దగ్గరికేసి పెనుకొండకు తోలాడు. ఒక వైపు అయిపోతే రెండో వైపు తానే తిప్పుకునే మిషన్ అది. ముందంతా ఖాళీ టేపు, రెండో వైపు చివర పాట. పాట వచ్చేసరికి ఇతను అక్కడ వందమంది మధ్యలో. ఈరక్క దీపాల వేళకు వచ్చి అరుగుమీద కూర్చుంటుందని తెలుసు. వీధిలో అరిచిన మొగుడి మీదికి నేరం దానంతటదే పోతుందనీ తెలుసు. తెల్లారి వచ్చి టేప్‌రికార్డరు తీసుకుపోయాడు, క్యాసెట్టు దాంట్లోనే ఉంది. వీరేష్ తాకేసరికి చేతులు చల్లబడ్డాయంటే అందుకే."

సీఐ ఆనంద్ వైపు తిరిగాడు. "దీన్ని కాల్చేసుంటే నిన్నెవరూ పట్టుకునేవాళ్ళు కాదు కదరా?"

ఆనంద్ ఆ క్యాసెట్టునే చూస్తూ చెప్పాడు. "పదేండ్లు సార్. ఆమె బెంగుళూరికి పోయింటే అంతా పోయేది. చెరిపేద్దామనే అనుకుంటి. ఇంకెవురూ ఇట్ల పాడరు. ఈ గొంతును కాల్చేదానికి చేతులు రాలేదు."

"మనిషిని సంపేదానికి వచ్చినాయి కదప్పా చేతులు," అంది ఈరక్క.

కానిస్టేబుల్ వీరేష్ సంకెళ్ళు విప్పబోతే, కోర్టు చెప్పేదాకా ఆగమన్నాడు సీఐ, కాస్త సిగ్గుపడుతూనే. ఆనంద్‌ను జీపెక్కించారు. ఈరక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. ఉలిగప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట అడగల్ల సార్. పాట ఇంటా కూర్చోకుండా నేను తలుపు తోసుకొని పోయింటే, బతికేదా?"

"లేదక్కా. నువ్వొచ్చేసరికే పోయింది."

ఆమె తలాడించింది. ఆ జవాబుతో తేలికపడుతుందనుకున్నాడు జోసెఫ్. కానీ ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. "అట్లయితే నా కోసం పాడలేదు," అంది. "నాతో రాజీకొచ్చిందనుకొని, సంతోషపడతా కూర్చుంటినే సార్. లోపల శవం పెట్టుకొని." ఉలిగప్ప అన్ని చిక్కులూ విప్పగలడని నమ్మే జోసెఫ్ ఆయన వైపు చూశాడు. ఉలిగప్ప తల వంచుకుని ఉన్నాడు.

పెనుకొండ కోర్టు వీరేష్‌ను వదిలిపెట్టేసరికి జనవరి వచ్చింది. తల్లీ కొడుకులను ధర్మవరం బస్సెక్కిద్దామని ఉలిగప్ప, జోసెఫ్ కూడా వచ్చారు. బస్టాండు పక్క టీ కొట్లో కూర్చున్నారు. కొట్టు కుర్రాడు టేపు పెట్టాడు. డ్రమ్ము మొదలైంది, దాని మీద అశ్విని గొంతు. కంపెనీ సీడీ ఆపేసిందిగానీ, పెళ్ళిళ్ళకు పాకిన క్యాసెట్లను ఎవరాపగలరు?

వీరేష్ మొహం నల్లబడింది. "ఆపమని చెప్తా," అని లేచాడు.

ఈరక్క అతని చెయ్యి పట్టుకుని లాగింది. "కూర్చో నాయనా. జోలపాట నడుమ ఆపకూడదు."

వీరేష్ కూర్చున్నాడు. బస్సు వచ్చి, కండక్టరు రెండుసార్లు కేకేసి, వెళ్ళిపోయింది. పాట అయిపోయేదాకా ఆ నలుగురిలో ఎవరూ లేవలేదు.