వేలు నలిగిన రోజు

ఉదయం తొమ్మిదిన్నరకి కారు అక్క ఇంటి ముందు ఆగీ ఆగకముందే పాప సీట్లో ఎగరడం మొదలుపెట్టింది. "అమ్మా!" అని కేక వేసింది. పిలిచింది కారు నడుపుతున్న తల్లిని కాదు, గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మని. రెండేళ్ళ పిల్లకి "పెద్ద" పలకడానికి నోరు తిరగలేదు. మిగిలింది అమ్మే.

"వచ్చిందమ్మా నా బంగారం!" అంటూ అక్క పరిగెత్తుకొచ్చి పాపని ఎత్తుకుంది. చెల్లెలి వైపు చూడకుండానే సంచీ అందుకుంది. "పాలు తాగిందా?"

"సగం ఒలకబోసింది."

"నువ్వు హడావుడి పెడతావు. నా దగ్గర చుక్క మిగల్చదు."

మామూలు మాటే. కానీ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తున్నంతసేపూ ఆ మాట చెల్లెలి చెవిలో గింగురుమంటూనే ఉంది.

అక్క స్కూలు బస్సు నడుపుతుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పొద్దున పిల్లల్ని దింపి బస్సు ఇంటి ముందు పెట్టుకుంటే మళ్ళీ మధ్యాహ్నం రెండున్నర దాకా ఖాళీ. ఆ సమయమంతా పాప ఆమెదే. ఆగి ఉన్న బస్సులో స్టీరింగు తిప్పి ఆడుకోవడమంటే పాపకి ప్రాణం.

ఆ రోజు రెండున్నరకి చెల్లెలు వచ్చేసరికి అక్కకి ఆలస్యమైపోతోంది. పాపని చేతికిచ్చేసి గబగబా బస్సెక్కింది. కారు సీట్లో కట్టేసిన పాప తలుపులోంచి చెయ్యి బయటికి చాపి గుక్కపట్టింది. "అమ్మా! అమ్మా!"

"నేనిక్కడే ఉన్నానే! నేనే మీ అమ్మని!" అని చెల్లెలు విసురుగా తలుపు వేసింది.

అరుపు మారింది. తలుపు తీసి చూస్తే చిటికెన వేలు నలిగి, గోరు కింద నల్లగా రక్తం కమ్ముతోంది. అప్పటికే బస్సు మలుపు తిరిగిపోయింది.

ఎముక విరగలేదని, గోరు మాత్రం ఊడిపోతుందని డాక్టరు చెప్పాడు. సాయంత్రం ఇంటికొచ్చిన భర్త కట్టు కొంచెం తప్పించి చూశాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. నలిగిన వేళ్ళు అతనికి కొత్త కాదు.

"ఇది తలుపులో పడ్డ దెబ్బ. ఎక్కడ?"

ఒక్క క్షణం. నిజం చెప్పడానికి ఆ క్షణం సరిపోయేది.

"అక్క దగ్గర్నుంచి తెచ్చేటప్పటికే ఇలా ఉంది," అంది. "బస్సు తలుపేమో."

అతను అప్పటికప్పుడే ఫోన్ చేశాడు. "పసిపిల్లని బస్సెక్కించి, వేలు నలిగినా చూసుకోలేదా వదినా? ఇంతమంది పిల్లల్ని ఎలా తిప్పుతున్నారు?"

అవతల అక్క గొంతు సన్నగా వినిపించింది. "ఎక్కించిన మాట నిజమే... కానీ ఏడవలేదే... ఏమో, హడావుడిలో నేనే చూసుకోలేదేమో."

మర్నాటి నుంచి పాప పసిపిల్లల్ని చూసుకునే కేంద్రానికి వెళ్ళింది. చెల్లెలికి గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇంట్లో ఇప్పుడు "అమ్మా" అంటే తనొక్కతే. తన మీద తనకి అసహ్యం కూడా వేసింది. కానీ ఆ హాయి ముందు అది నిలవలేదు.

పది రోజుల తర్వాత దుకాణానికి అక్క పనిచేసే స్కూలు టీచరమ్మ ఒకామె వచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "మా బస్సక్క మానేసిందండీ. పదకొండేళ్ళలో ఒక్క పిల్లకి గీత పడనివ్వలేదు. ఇక పిల్లల్ని నా చేతికి ఇవ్వకండి, నా కళ్ళని నేను నమ్మలేను అని ఏడ్చిందట," అంది.

చెల్లెలు చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడింది.

అక్క ఇంటి ముందు బస్సు లేదు. వంటగదిలో అక్క స్టవ్ ఆపింది, మళ్ళీ వంగి చూసింది, గ్యాసు గొట్టం పట్టుకుని మళ్ళీ చూసింది.

"ఆపాను కదే?" అని చెల్లెల్నే అడిగింది.

చెల్లెలు వంటగది గడప మీదే కూలబడింది. "అక్కా, నువ్వు కాదు. నేనే. నా కారు తలుపు. నేనే వేశాను."

అక్క చేతిలోని గొట్టం వదిలేసింది. "మరి నేనని ఎందుకు చెప్పావే?"

"అది నీ కోసం చెయ్యి చాపింది. నన్ను కాదని."

"దానికి రెండేళ్ళే. నీకు ముప్పై రెండు!" అక్క అరిచింది. "పది రోజులుగా నిద్ర లేదు నాకు. ఇంకా ఎంతమంది పిల్లల్ని చూసుకోకుండా వదిలేశానో అని లెక్కపెట్టుకుంటున్నాను. తెలుసా నీకు?"

"కొట్టు అక్కా. తిట్టు. కానీ ఒక్కమాట విను." ఏడుపులో మాటలు తెగిపోతున్నాయి. "అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. నా జడ నువ్వే వేశావు, నాకు అన్నం నువ్వే పెట్టావు. ఇప్పుడు నేనొస్తే నా మొహం వైపైనా చూడవు. చేతులు చాపి దాన్నే తీసుకుంటావు. అది నిన్ను అమ్మా అంటే మండిందనుకున్నాను. కాదక్కా. నువ్వు నన్ను వదిలేశావని..."

చెప్పేదాకా ఆ మాట తనలో ఉందని ఆమెకే తెలియదు. కన్నకూతురితో పోటీపడింది, అక్క కోసం.

అక్క స్టవ్ గట్టు పట్టుకుంది. ఆమె బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"నేను చూడకపోవడం తప్పే అనుకో," అంది చివరికి. "నోరు తెరిచి అడిగితే పోయేదానికి ఇంత చేస్తావా? నువ్వు చేసింది నేను మర్చిపోలేనే. అయినా నువ్వు నా పిల్లవే. ఏం చెయ్యను?"

చెల్లెలు కాళ్ళు పట్టుకోబోతే అక్క వెనక్కి జరిగింది. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టింది.

"మీ ఆయనకి చెప్పు. తర్వాత స్కూలుకి."

"ఆయన నన్ను..."

"అంటాడు. పడు."

అక్క వచ్చి గడప మీద ఆమె పక్కనే కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. చెల్లెలు నంబరు నొక్కింది. అవతల ఫోన్ మోగుతోంది. భర్త "హలో" అన్నాడు.

"ఏమండీ," అంది చెల్లెలు. "ఆ తలుపు వేసింది నేను."