మంచులో మూడో తుపాకీ

ఢాం!

లోయంతా మోగింది. ఎదుటి కొండ ఆ మోతను తిప్పికొట్టింది.

లదీనా పరుగందుకుంటుంది.

మళ్లీ! మళ్లీ వాడే!

అక్టోబర్ ఆఖరు. వేట గడువు ముగిసి నెల కావస్తోంది. ఇప్పుడు ఎంగడీన్ కొండల్లో తుపాకీ పేలిందంటే ఒకటే అర్థం... దొంగవేట!

బూట్ల కింద రాళ్లు జారుతున్నాయి. దిగువన లార్చ్ చెట్లన్నీ పసుపుపచ్చగా మండుతున్నాయి. గాలి విసిరినప్పుడల్లా బంగారు పొడిలా ఆకులు రాలుతున్నాయి. వాటిని చూడ్డానికే జనం రైళ్లెక్కి వస్తారు. లదీనాకి మాత్రం ఆ రంగు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

మూడేళ్లు. పదకొండు కొండమేక పోతులు. కొమ్ములు కోసుకుపోయిన పదకొండు కళేబరాలు.

వాటిని కాపాడాల్సిన గార్డు తను. వెళ్లేసరికి ప్రతిసారీ వాడు ఉండడు!

కిందటేడు ఆ దొంగ తూటాయే ఆమె తమ్ముడు కుర్దీన్ మోకాలిని చితక్కొట్టింది. కొండలెక్కించే గైడు వాడు. ఇప్పుడు ఇంట్లో మెట్లెక్కాలన్నా కర్ర కావాలి.

భుజం మీద రేడియో గరగరలాడుతుంది.

"లదీనా, ఎక్కడున్నావ్?"

యాఖెన్. ఆమె పై అధికారి.

"దక్షిణపు గట్టు మీద సార్! పట్టుకుని నడిచే ఇనుప తాడు దారికి దగ్గర్లో!"

"మంచు కురిసేలా ఉందమ్మా. దిగొచ్చెయ్. ఇక్కడ ఆఫీసులో పొయ్యి పక్కన కూర్చున్నానే గానీ నా ప్రాణమంతా అక్కడే ఉంది."

"ఈసారి వదల్ను సార్!"

పొగమంచు పైకి పాకుతోంది. అందులో... ఓ ఆకారం!

ఆకుపచ్చ కోటు. వీపున రైఫిల్.

"ఆగు!"

ఆగలేదు. పరిగెత్తాడు.

గంటసేపు తిప్పాడు. గట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం. గొంతు ఎండిపోయింది. మోకాళ్లు చీరుకుపోయాయి. చివరికి మళ్లీ ఇనుప తాడు దగ్గరికే వచ్చాడు. ఒక పక్క గోడలాంటి కొండ. ఒక పక్క శూన్యం.

ఆమె వాడి కాళ్ల మీదికి దూకుతుంది. ఇద్దరూ దొర్లారు. కుడిచేతికో సంకెల... తాడుకో సంకెల. టక్!

"దొరికావురా!"

టోపీ లాగేసింది.

"మాస్టారూ?!"

బాల్జర్. అరవై ఏడేళ్లు. గార్డుగా రిటైరైన మనిషి. అడుగుజాడలు చదవడం ఆమెకు నేర్పింది ఆయనే.

"మీరా? మూడేళ్లుగా మీరేనా?"

"నేనేంటే, మొద్దూ! వాడి జాడ దొరకబుచ్చుకున్నా. నువ్వొచ్చి నన్ను తరిమావ్!"

"మరెందుకు పరిగెత్తారు?"

"పొగమంచులో ఎవరో తుపాకీ పట్టుకుని మీదికొస్తుంటే నిలబడి కాఫీ ఇమ్మంటావా? వాడే అనుకున్నా!"

ఆమె ఆయన రైఫిల్ లాక్కుంది. గొట్టం వాసన చూసింది. నూనె వాసన. మందు వాసన లేదు. అది ఇవాళ పేలనేలేదు!

గంట. బంగారంలాంటి గంట. ఈ కొండ మీద తన పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషిని తరుముతూ పోగొట్టింది!

బండను ఎగిరి తన్నింది. వేలు చిట్లినట్టయింది.

"ఎలా తప్పించుకుంటాడు మాస్టారూ? నేనొస్తున్నట్టు వాడికెలా తెలుస్తుంది?"

బాల్జర్ ఆమె భుజం మీది రేడియో వంక చూస్తున్నాడు.

"నువ్వెక్కడున్నావో ఎవరికి చెప్తావ్?"

"యాఖెన్ సార్‌కి."

"ఇంకెవరు వింటారు?"

"ఇంకెవరూ..."

ఆమె చెయ్యి రేడియో మీదికి పోయింది.

"లేదు. సార్ అలాంటి మనిషి కాదు!"

"కాకపోతే మంచిదే. ఒక్క అబద్ధం చెప్పి చూడు. పోతు ఈ కింది గుంటలోనే పడింది. కళ్లారా చూశా. కొమ్ముల కోసం ఎవడో ఒకడు రాక తప్పదు."

ముందు సంకెల తీయాలి. తాళంచెవి బయటికి తీసింది. వేళ్లు కొయ్యబారిపోయాయి. జారింది. టింగ్... టింగ్... లోయలోకి!

"నీకు నేనేం నేర్పానే అసలు!"

ఆమె ఏడుపు దిగమింగి రేడియో నొక్కుతుంది.

"సార్! దొరికాడు! ఉత్తరం వైపు నుంచి కిందికి తెస్తున్నా."

"శభాష్! మెల్లగా దిగు తల్లీ. తొందరేం లేదు."

బాల్జర్ రైఫిల్‌ను ఆయన ఎడమచేతికి అందించి, తన రైఫిల్‌తో ఆమె గుంటలోకి దిగుతుంది. పోతు పడే ఉంది. తెరిచిన కన్ను మీద తొలి మంచు రేకలు.

బండ వెనక నక్కింది.

పది నిమిషాలు... ఇరవై...

ఎవరూ రాలేదు. పళ్లు టకటకలాడుతున్నాయి. ఈ ఏడూ ఇంతేనా?

అప్పుడు... బూట్ల చప్పుడు!

తర్వాత రంపం. ఎముక మీద రంపం.

పొగమంచులో మనిషి కనిపించడం లేదు. ఆమె రేడియో నోటి దగ్గరికి తెచ్చుకుని గుసగుసగా అడుగుతుంది.

"సార్... ఎక్కడున్నారు?"

రంపం ఆగింది.

"ఆఫీసులోనే అమ్మా."

ఆ మాట రెండుసార్లు వినిపించింది. ఒకసారి రేడియోలో. ఒకసారి... బండ అవతల నుంచి!

ఆమె లేచి రైఫిల్ గురిపెట్టింది.

"చేతులెత్తండి సార్!"

ఇప్పుడు కూడా 'సార్' అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

యాఖెన్ కంగారు పడలేదు. రంపం కింద పెట్టి నెమ్మదిగా రైఫిల్ అందుకుంటున్నాడు.

"మా కుర్దీన్ కాలు..."

"వాడు అడ్డొచ్చాడమ్మాయ్. నేనేం చేయను?"

"కాలుస్తాను!"

"నువ్వా? మనిషిని కాల్చే గుండె నీకు లేదు."

గొట్టం ఆమె ఛాతీ వైపు లేస్తోంది. ఆమె వేలు ట్రిగ్గర్ మీదే గడ్డకట్టుకుపోయింది. కదలదు... కదలదే!

ఢాం!

యాఖెన్ భుజం వెనక్కి విసిరేసినట్టయింది. రైఫిల్ ఎగిరిపోయింది. అతను పోతు మీదే కూలాడు.

లదీనా తన చేతిలోని తుపాకీ చూసుకుంటుంది. వేలు ఇంకా కదలనేలేదు!

పైన గట్టు మీద పొగమంచు ఒక్కచోట చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి బాల్జర్ కేక...

"వాడు బతికే ఉన్నాడా?"

యాఖెన్ మూలుగుతున్నాడు.

"ఉన్నాడు మాస్టారూ!"

"ఛ! ఎడమచేత్తో కాలిస్తే ఇంతే!"