కొండకి పాడే జోల

మా ఊళ్ళో రొట్టెలు కాల్చడానికి కట్టెలు అక్కర్లేదు. నేలలో నడుములోతు గుంత తవ్వి, అడుగున పలకరాయి పరిస్తే చాలు, కొండ వేడి దానంతటదే పైకి వస్తుంది. నా దుకాణంలో అలాంటి గుంతలు రెండున్నాయి. పొద్దున్నే గుండ్రటి పిండి ముద్దలు పలక మీద పేర్చి, మూతపెట్టి పక్కన కూర్చుంటే కింద కొండ గురక వినిపిస్తుంది. కడుపు నిండా తిని పడుకున్న ముసలాయన గురకలా ఉంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అది వినబడకపోతే నిద్ర పట్టదు. పెద్దవాళ్ళకు అది ఆగితే ఊపిరాడదు.

ఎందుకంటే ఆ కొండకు చెవులున్నాయి. ఎలా ఉన్నాయని నన్నడక్కండి, నేను రొట్టెలమ్ముకునేదాన్ని. జోల పాడితే పడుకుంటుంది, పాడకపోతే లేస్తుంది. ఒకప్పుడు లేచింది కూడా. అప్పటిదాకా ఊళ్ళో కింది పేట అని ఒకటుండేది. ఇప్పుడక్కడ నల్లటి రాతి మైదానం, దాని మధ్యలో నిలువునా మిగిలిపోయిన తలుపొకటి ఉన్నాయి. ఆ తలుపు ఎవరూ తట్టరు.

జోల పాడటం మా ఇంటి ఆడవాళ్ళ పని. అమ్మ తర్వాత అక్కకు వచ్చింది. నాకెందుకు రాలేదంటే, నా గొంతు అలాంటిది. "నువ్వు పాడితే కొండ పడుకోవడం అటుంచు, పక్క ఊరి కొండ కూడా లేచొస్తుంది మరదలా" అనేవాడు మా బావ. ఆయనది ఇళ్ళ కప్పుల మీద పడ్డ బూడిద లాగేసే పని. నీలం రంగు బూడిద అది, తడిస్తే ఇనుమంత బరువు. పొద్దస్తమానం కప్పుల మీదే ఉంటాడు కాబట్టి తన మాటలు ఊరందరికీ వినబడేవి.

కొండకి పాడే పాటలో ఒక ఖాళీ ఉంది.

"గాలి పడుకున్నది, నీరు పడుకున్నది, దారి మలుపులోన దీపం పడుకున్నది, నువ్వూ పడుకోవే…" అని పాడి, అక్కడ ఆగాలి. ఏ జోలలోనైనా బిడ్డ పేరు వచ్చే చోటది. కొండకి పాడేవాళ్ళు అక్కడ నోరు మూసుకుని అరచేత్తో రాయిని జోకొట్టాలి. పేరు పెడితే బిడ్డవుతుంది, బిడ్డయితే ఒళ్ళోకి రావాలంటుంది అని అమ్మ చెప్పేది. అంత కొండ ఒళ్ళోకి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అక్క కూతుర్ని మేము బుడిగి అని పిలిచేవాళ్ళం. నాలుగేళ్ళ పిల్ల. చిటికెన వేలు అచ్చం వాళ్ళ నాన్నలాగే లోపలికి వంకర. రొట్టె ఇస్తే మధ్యలో మెత్తటిదంతా తినేసి, చుట్టూ గట్టి అంచును గాజులా చేతికి తొడుక్కుని తిరిగేది. "అమ్ముకునే రొట్టెలకు చిల్లులు పెడుతున్నావే రాక్షసీ" అని నేను కసిరితే, రెండో చేతికి కూడా గాజు కావాలనేది.

వానల్లో జ్వరం వచ్చింది. తగ్గలేదు.

బుడిగి పోయినప్పుడు అక్క కొండ మీద ఉంది. పాట ఎత్తుకున్నాక గురక మొదలయ్యేదాకా లేవకూడదు. ఆ రోజు కొండ ఎంతకీ పడుకోలేదు. బావ వైద్యుడి కోసం పరుగెత్తాడు. మంచం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. "పాడు పిన్నీ" అంది. నోరు తెరిచి, ఒక్క ముక్క పాడానో లేదో, కాలిపోతున్న చిన్న అరచెయ్యి తెచ్చి నా నోరు మూసేసింది. "నువ్వొద్దు పిన్నీ" అని నవ్వింది. "అమ్మొస్తుందిగా."

ఆ తర్వాత మరి మాట్లాడలేదు.

ఈ మాట నేను అక్కకు చెప్పలేదు. నీ కోసం ఎదురుచూస్తూ పోయిందని ఏ నోటితో చెప్పను? పుండు మీద కారం చల్లినట్టుండేది. బావకీ చెప్పలేదు. నాలోనే ఉంచుకున్నాను.

అక్క బదులు పాడేవాళ్ళు లేరు. కాబట్టి కన్నీళ్ళు ఆరకముందే కొండెక్కింది. దిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెట్టింది తినేది కాదు. అలా కొన్నాళ్ళు గడిచాక, ఒకరోజు నా దుకాణానికి వచ్చి, "మెత్తగా కాల్చిన రొట్టెలు రెండు కట్టివ్వవే" అంది. ముఖంలో కాస్త వెలుగు కనబడింది. ఆకలి పుట్టింది కదా, బతుకుతుందిలే అనుకుని పొంగిపోయాను. రోజూ రెండు, తర్వాత నాలుగు, తర్వాత బుట్టెడు పట్టుకెళ్ళేది. వెళ్ళేటప్పుడు ఏదో కూనిరాగం తీసేది. బావ కప్పు మీంచి నాకేసి చూసి తలూపేవాడు. మేమిద్దరం వెర్రి వెంగళప్పలం.

ఆ రాత్రి మాకు పట్టపగలు వచ్చింది.

భోజనాల వేళకి ఆకాశం నీలంగా మారి, తర్వాత నల్లబడింది. బూడిద చప్పుడు లేకుండా దిగుతోంది. మా వీధిలో పక్షులు ఎగరడం మానేసి, వరుసగా నడుచుకుంటూ ఊరి బయటికి పోతున్నాయి. బావిలోంచి ఆవిరి లేస్తోంది. దీపం వెలిగించి, గుంత మూత తీసి చెవి పెట్టాను.

గురక లేదు.

బయటికి పరుగెత్తాను. బావ బడి కప్పు మీద ఉన్నాడు. కింద పసిపిల్లలు ఇరుక్కుపోయారు, పైన దూలాలు మూలుగుతున్నాయి.

"మీ అక్క దిగిందా?" అని అరిచాడు.

"లేదు బావా!"

"నేను లాగడం ఆపితే ఇది కూలుతుంది. నువ్వెళ్ళవే… నువ్వెళ్ళి తీసుకురా!"

దీపం పట్టుకుని కొండెక్కాను. ముందు వేసే అడుగు కనబడటం లేదు. చెప్పుల కింద నేల వెచ్చగా, మెత్తగా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ మాడిన రొట్టె వాసన వస్తోంది. దాని వెనక ఇంకో వాసన కూడా ఉంది. నిద్రలేచిన చంటిపిల్ల తల వాసన… నాకు తెలిసిన వాసన.

పాటగది కొండ భుజం మీద ఉంటుంది. అమ్మ ఉన్నప్పుడు అన్నం పట్టుకెళ్ళేదాన్ని కాబట్టి ఆ గది అంగుళం అంగుళం నాకు తెలుసు. ఒక చాప, నీళ్ళ కూజా, దుప్పటి తగిలించే కొయ్య మేకు. నేలలో చెయ్యి పట్టేంత పగులు. దాని పక్కన, మా అమ్మమ్మా అమ్మా జోకొట్టి జోకొట్టి నునుపు చేసిన రాయి.

పగులు ఇప్పుడు తలుపంత వెడల్పుంది.

అక్క దాని అంచున కూర్చుని ఉంది. చుట్టూ నేల మీద రొట్టెలు… కావు. రొట్టెల అంచులు. మధ్యలో మెత్తటిదంతా తినేసిన గట్టి గాజులు. డజన్ల కొద్దీ. లోపలి వైపు కాలి నల్లబడి ఉన్నాయి.

"అక్కా…"

వేలు పెదవుల మీద పెట్టింది. "మెల్లగా. ఇప్పుడిప్పుడే కళ్ళు మూస్తోంది."

"ఎవరు?"

పాట అందుకుంది. గాలి పడుకున్నది… నీరు పడుకున్నది… నువ్వూ పడుకోవే…

ఆగలేదు.

"…బుడిగీ."

పగులులోంచి వచ్చింది. "ఊఁ…"

దీపం పగులు మీదికి చాపాను.

"ఇంకో పాటమ్మా."

బుడిగి గొంతే. ఆ ముద్దు, ఆ సాగదీత, అన్నీ అవే. కానీ నేల మొత్తం మాట్లాడినట్టు, నా పళ్ళల్లోంచి వినిపించింది.

అక్క నాకేసి చూసింది. "మళ్ళీ పనిలోకొచ్చిన రోజున… ఆ ఖాళీ దగ్గరికొచ్చేసరికి నోరు ఆగలేదే. నాలుగేళ్ళ అలవాటు కదా. పేరు జారిపోయింది."

"అది బుడిగి కాదక్కా."

"నాకు తెలీదనుకున్నావా? కన్నదాన్ని. నా పిల్లకి ఒక్క పాట ఎక్కువ, సగంలోనే పడుకునేది. ఇది ఎన్ని పాడినా ఇంకోటంటుంది. నా పిల్ల కాదు."

"మరి ఎందుకే?"

"అమ్మా అంటోందే…" అంది అక్క.  

రెక్క పట్టుకుని లేపాను. తేలిగ్గా లేచింది. ఒక అడుగు వేశాం.

"అమ్మా… ఎక్కడికి?"

రెండో అడుగు. గోడలు ఎర్రబడ్డాయి. కూజా టప్పున పగిలింది.

"నేనూ వస్తా. మనిల్లెక్కడమ్మా?"

ఏడుపు మొదలైంది. వదిలేసి పోతున్న పిల్ల ఏడుపు. బయట కొండ వాలంతా పగిలి, సన్నటి ఎర్ర గీత ఒకటి ఊరి వైపు పాకడం తలుపులోంచి చూశాను. అక్క ఆగిపోయింది.

"ఇల్లెక్కడో నేను చెప్పలేదు. రోజూ అడుగుతోంది, ఒక్కరోజూ చెప్పలేదు." నా చెయ్యి విడిపించుకుంది. "ఆ రోజు… బుడిగి నన్ను అడిగిందా?"

"లేదక్కా. నిద్రలోనే…"

"నీకు అబద్ధం చెప్పడం కూడా రాదే. పాటలాగే."

మేకుకున్న దుప్పటి తీసి భుజాన వేసుకుంది. పగులు అంచున, మంచం మీద కూర్చున్నట్టే కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసింది.

"అక్కా వద్దు… అక్కా…"

"పాటకి పడుకోని పిల్లని ఏం చేస్తాం? పక్కలో వేసుకుని పడుకుంటాం. అంతేగా." వెనక్కి తిరిగింది. "మా ఇంటి తలుపు గడియ వదులైంది. మేకు కొట్టమని మీ బావకి చెప్పు."

ఉరికాను. దుప్పటి అంచు చేతికి అందింది. నా చేతిలోనే బూడిదైంది.

కేక వినబడలేదు. పక్క సర్దుకున్న చప్పుడు, అంతే. తర్వాత లోపలి నుంచి పాట… దీపం పడుకున్నది… లోతుకు, ఇంకా లోతుకు పోయింది. పగులు మెల్లగా మూసుకుని, ఎప్పటిలా చెయ్యి పట్టేంత మిగిలింది.

గురక మొదలైంది. కాదు, రెండు గురకలు. ఒకటి పెద్దది. ఇంకోటి సన్నగా, చివర ఈల వేస్తూ. ఆ ఈల మా అక్కది. పెళ్ళయిన కొత్తలో బావ దాని మీద ఊరంతా పితూరీలు చెప్పాడు.

బయటికొచ్చేసరికి ఎండ కాస్తోంది. ఇంకా సాయంత్రమైనా కాలేదు.

బడి నిలిచింది. పిల్లలు బతికారు. బావకి ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. గడియకి మేకు నేనే కొట్టాను, ఆయన ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. నా దుకాణంలో గుంత పక్కన చాపేసుకుని, నేలకి చెవి ఆనించి పడుకునేవాడు. "విన్నావా? ఆ ఈల మీ అక్కదే" అనేవాడు. నవ్వేవాడు కూడా.  ఊళ్ళోవాళ్ళు మాత్రం హాయిగా నిద్రపోయారు.

నిన్న తెల్లవారుజామున దీపం పెట్టుకుని నేను పిండి పిసుకుతుంటే బావ లేచి కూర్చున్నాడు.

"ఈల ఆగిందే."

నేల మీద చెవి పెట్టాను. పెద్ద గురక ఒక్కటే ఉంది. వింటుండగానే… అదీ ఆగింది. గుమ్మం ముందు నుంచి కాకి ఒకటి నడుచుకుంటూ పోయింది.

గుంత మూత టకటకమంది. తీశాను. పలక మీద రొట్టెలన్నీ గాజులై ఉన్నాయి.

"పిన్నీ…"

బావ నా భుజం పట్టుకున్నాడు.

"అమ్మ లేవట్లేదు పిన్నీ. నువ్వు పాడు."

"పాడవే" అన్నాడు బావ. "ఊరుందే… పాడు."

గుంత మీదికి వంగి, పలకని జోకొడుతూ, నా కాకి గొంతుతో ఎత్తుకున్నాను. గాలి పడుకున్నది… నీరు…

సెగ నా ముఖం మీదికి వచ్చింది. చీకట్లోంచి మెత్తటిది, చిన్నది, నా నోటి మీద ఆనింది. మూసేసింది.

"నువ్వొద్దు పిన్నీ."

నవ్వింది.

బుడిగి మంచం మీద ఆ మాట అన్నప్పుడు ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేనెవరికీ చెప్పలేదు. అక్కకి కూడా చెప్పలేదు… తన బిడ్డ కాదనుకుంటూనే అక్క ఆ పక్కలో పడుకుంది.

బావ దీపం ఎత్తి నా ముఖం చూశాడు.  తర్వాత తన చెయ్యి పైకెత్తి, నా పెదవుల మీద పడ్డ నీలి గుర్తు పక్కన పెట్టి చూసుకున్నాడు. గుర్తులో చిటికెన వేలు లోపలికి వంకర.

లేచి, ఇన్నాళ్ళకి తన ఇంటికి వెళ్ళాడు. వెనకే వెళ్ళి చూశాను. నేను కొట్టిన మేకు ఊడబెరుకుతున్నాడు. గడియ తీసి పక్కన పెట్టి, తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో దీపం పెట్టి, కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

కొండ ఇంకా గురక పెట్టడం లేదు. వద్దు బావా, తలుపు మూసెయ్ అని చెబుదామని నోరు తెరవబోయాను. పెదవుల మీద ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.