పెద్దిరాజుగారి జారుడుకొండ

మురమళ్ళ దాటాక, గోదావరి గట్టు పక్కన, కొబ్బరితోటల మధ్య ఒక వాటర్ పార్కు ఉంది. వానాకాలం రాగానే దాన్ని మూసేస్తారు. మూసేశాక, దీపాలు పెట్టే వేళ దాటితే ఆ దారిన పోవడానికి మగధీరులకి కూడా కాళ్ళు రావు. తప్పనిసరై పోయేవాళ్ళు బండి హారన్ మోగిస్తూ, తల పక్కకి తిప్పకుండా పోతారు.

అక్కడ దెయ్యం ఉందని చెప్పుకుంటారు.

తాటిచెట్టంత ఎత్తు నుంచి మెలికలు తిరిగి కొలనులోకి దిగే నీలం గొట్టం ఒకటి ఉంది. వాన వెలిసిన సాయంత్రాలు దాంట్లోంచి గాజుల చప్పుడు వస్తుందట... తెల్లచీర ఒకటి జర్రున జారి, నీళ్ళలో దబ్బున పడి, మెట్లెక్కి మళ్ళీ పైకి పోతుందట. అది కళ్ళారా చూసినవాడు ఊరికంతటికీ ఒక్కడే — కొబ్బరికాయల వర్తకుడు పెద్దిరాజు.

చూడడమా, పాడా! కల్పించాడు.

ఎందుకంటే, ఒకరోజు ఫోనులో ఆయనకి ఒక వీడియో కనపడింది. పెద్ద మంచుకొండ. దాని మీద ఒకే ఒక్క మనిషి, కాళ్ళకి రెండు చెక్కలు కట్టుకుని జారుతున్నాడు. కనుచూపు మేరలో ఇంకో పురుగు లేదు. అడిగేవాడు లేడు, నవ్వేవాడు లేడు. పెద్దిరాజు ఆ వీడియోని భోజనం చల్లారిపోయేదాకా చూశాడు. కోనసీమలో పుట్టినవాడికి కొండ ఎక్కడిది? ఇక్కడ ఎత్తంటే కొబ్బరిచెట్టే. అది ఎక్కడానికే గాని జారడానికి పనికిరాదు, జారితే తొడల తోలు ఊడుతుంది. కానీ తన తోట కంచెకి అవతలే, వానకి నిగనిగలాడుతూ, ఆ నీలం గొట్టం ఉంది.

జారడానికి రెండు అడ్డంకులు. ఒకటి, మూసిన పార్కులోకి రోజూ సాయంత్రం దూరే కుర్రాళ్ళు. రెండోది, ఆయన పరువు. కొబ్బరి వర్తకుల సంఘానికి ప్రెసిడెంటు, మనిషికంటే ముందు నడిచే బొజ్జ. పైగా పోయిన వేసవిలో పార్కుకి వెళ్ళినప్పుడు, భార్య వీరలక్ష్మి "ఏవండీ, ఒక్కసారి జారదామండీ" అని చిన్నపిల్లలా అడిగితే, నలుగురి ముందూ కసిరాడు.

"సిగ్గులేదూ? చూసినవాళ్ళు ఏమనుకుంటారే?"

అలాంటి మాట అన్న నోటితో తను ఎలా జారతాడు? ఎవడి కంటైనా పడితే ఇంకేమన్నా ఉందా! అందుకని సత్తియ్య టీకొట్టు దగ్గర, గొంతు తగ్గించి, దెయ్యాన్ని పుట్టించాడు. మొదటిరోజు తెల్లచీర ఒక్కటే. వినేవాళ్ళు నోళ్ళు తెరిచేసరికి ఉత్సాహం ఆగక మర్నాడు గాజులు తొడిగాడు. వారం తిరిగేసరికి కుర్రాళ్ళు రావడం మానేశారు.

ఇక కొండంతా ఆయనదే.

ఆ సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. పెద్దిరాజు కంచె దూరి, పంచె విప్పి కొమ్మకి తగిలించి, నిక్కరుతో మెట్లెక్కాడు. పైన కూర్చున్నాక ఒకసారి వెనక్కి దిగిపోదామనుకున్నాడు. కానీ బొజ్జ బరువు ఆయన సలహా అడగలేదు —

జర్ర్...

నీళ్ళలో పడ్డాక చాలాసేపు లేవలేదు. నడుము లోతు వాననీళ్ళలో, చీకట్లో కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. అంత సుఖం ఆయన ఈమధ్య ఎరగడు.

అప్పుడు వినపడింది.

పైన... గొట్టంలో... గాజుల చప్పుడు.

పెద్దిరాజు నవ్వు టక్కున ఆగింది. గాజులు తను తొడిగినవే కదా, అబద్ధం కదా, అని మనసుకి నచ్చజెప్పాడు. మనసు వినలేదు. ఆంజనేయ దండకం మొదటి ముక్క తప్ప గుర్తు రాలేదు. దాన్నే తిప్పి తిప్పి చదివాడు.

చప్పుడు మెలికలు తిరుగుతూ దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి...

దబ్బుమని తెల్లచీర నీళ్ళలో పడింది. జుట్టు విరబోసుకుని లేచింది. చల్లటి చెయ్యి ఒకటి ఆయన భుజం మీద పడింది.

"ఏవండీ..."

దెయ్యాలు మగవాళ్ళని పేరు పెట్టి పిలుస్తాయని విన్నాడు గాని, ఏవండీ అని పిలుస్తాయని వినలేదు. కళ్ళు తెరిచాడు. పసుపురంగు చీర మసకలో తెల్లగా కనపడింది, అంతే. మనిషి మాత్రం వీరలక్ష్మి.

"నువ్వా? భజనకని కదే వెళ్ళేవు?"

"మీరు కొట్టుకని కదండీ వెళ్ళేరు?"

వీరలక్ష్మి నీళ్ళలో నిలబడే కొంగు పిండుకుంది.

"దెయ్యం ఉందని తెలిసి ఎలా వచ్చేవే?" అన్నాడు పెద్దిరాజు.

"ఆయ్, ఉందనే వచ్చేనండీ. మీరు చెప్పిన దగ్గర్నించి ఇక్కడ చూసే మనిషి లేడు. నాకు దెయ్యమంటే భయం లేదండీ. చూసినవాళ్ళు ఏమనుకుంటారో అనే..."

పెద్దిరాజుకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ వేసవిలో అడిగినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కి ఉంటే ఏం పోయేది? నిజంగా సిగ్గేసింది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు, పైన గొట్టం మళ్ళీ గరగరలాడింది.

"ఇంకెవరే?" అని గుసగుసలాడాడు.

"ఎలీసమ్మగారండీ. తోడు తెచ్చుకున్నాను."

హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఎలీసమ్మగారు! ఆవిడ చూస్తే రేపు పొద్దున్నకల్లా సంఘం పదవికీ పరువుకీ కలిపి నీళ్ళు వదులుకోవాల్సిందే.

"మునగండి!" అంది వీరలక్ష్మి.

మునిగాడు. తల మునిగింది, కాళ్ళు మునిగాయి. బొజ్జ మునగలేదు. ఎలీసమ్మగారు సరిగ్గా దాని మీదే వచ్చి పడ్డారు.

"ప్రభువా!"

ఆ కేకకి తోటలో పక్షులన్నీ లేచాయి. ఆవిడ చెప్పులు వదిలేసి పరుగు. అనుమానం రాకుండా వీరలక్ష్మి అంతకంటే గట్టిగా అరిచి వెనకాలే పరుగెత్తింది.

మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర జనం. పాలపాకెట్టు కొనడానికి వచ్చిన ఎలీసమ్మగారు మధ్యలో నిలబడి, పాఠం చెబుతున్నట్టే చెబుతున్నారు.

"నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదండీ. కానీ నిన్న రోడ్డు మీద పోతూ చూసేను. ఆడది ఒక్కటే కాదు, నీళ్ళలో మగదెయ్యం కూడా ఉంది. ఇంత బొజ్జ!"

"రోడ్డు మీంచేనాండీ?" అన్నాడు పెద్దిరాజు మెల్లిగా.

"ఆయ్... రోడ్డు మీంచే," అన్నారావిడ, పాలపాకెట్టు వైపు చూస్తూ.

ఎలీసమ్మగారి నోట అబద్ధం రాదని ఊరంతా ఎరుగును. సత్తియ్య టీ పొయ్యడం ఆపి ఇటు తిరిగాడు.

"ఏవండీ పెద్దిరాజుగారూ, మీరు చూసినప్పుడు ఆడదొక్కటే కదండీ ఉంది? ఈ మగది ఎక్కణ్ణించి వచ్చిందంటారు?"

పెద్దిరాజు టీ ఒక గుక్క తాగాడు.

"దాని మొగుడై ఉంటాడు లెండి. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చి, వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు."