తెల్లమోరీ దగ్గర ఎడమవైపు

1998 డిసెంబరు 16, బుధవారం. రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలకు ఎర్రగుంట్లలో దేవపాలు తన పికప్ ముందద్దాన్ని తడిగుడ్డతో తుడిచాడు. ప్రొద్దుటూరు పోవాలి. అంటే తెల్లమోరీ దాటాలి.

తెల్లమోరీ సున్నం కొట్టిన చిన్న కల్వర్టు. చీకటి పడ్డాక దాని మీదుగా పోవడానికి డ్రైవర్లు ఇష్టపడరు. ఆరేళ్ల కిందట అక్కడ ఒక జీపు మీద బాంబులు పడ్డాయి. నలుగురు పోయారు. జీపు నడుపుతున్న కుళ్లాయప్పను బయటికి తీసేటప్పుడు అతని చేతులు స్టీరింగును వదల్లేదట. అప్పటినుంచి మోరీ దగ్గరికి వచ్చేసరికి బండి దానంతటదే ఎడమకు లాగుతుందని చెప్పుకుంటారు. కుళ్లాయప్ప ఇంకా స్టీరింగు వదల్లేదని... లారీవాళ్లు ఒక బీడీ ముట్టించి మోరీ గోడ మీద పెట్టి మరీ పోతారు.

ఆ జీపులో ఐదో మనిషి బతికాడు. పేరు సుందరం, దేవపాలు భార్య రాహేలుకు తమ్ముడు. బాంబులు వేసినవాళ్ల ముఖాలు చూసినవాడు అతనొక్కడే. మర్నాడు ఉదయం ప్రొద్దుటూరు కోర్టులో వాళ్లను వేలెత్తి చూపించాలి.

సుందరం వర్గం మనిషి రంగన్న సోమవారమే వచ్చి, గడపలో నిలబడి, గొంతు తగ్గించి చెప్పిపోయాడు. "అవతలోళ్లు ఆ మోరీకాడ్నే కాపు కాస్తారప్పా. లైట్లు చూసే బాంబు విసురుతారు. రెండు ఫర్లాంగుల ముందే లైట్లు ఆర్పు. మోరీ దాటినాక వేసుకో."

ఫ్యాక్షన్ బండ్లు నడిపేవాళ్లకు అది కొత్త కాదు. అనుమానమున్న చోట చీకట్లోనే పోతారు. కళ్లతో కాదు, చేతులతో.

రాహేలు తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"సాచ్చెం చెప్పకపోయినా నేనేమీ అనుకోను. మనిషివి తిరిగి రా."

"ఆరేండ్లు మింగినానక్కా. ఇంక మింగలేను."

పికప్ కదిలింది.

దేవపాలు ఆ పికప్‌లో నాపరాళ్లు తోలేవాడు. మే నెలలో ఒక గుంతలో పడి ముందు చక్రాల మధ్య రాడ్డు వంగింది. కొత్తది వేసి, చక్రాలు సరిచేశాక బండి నేరుగానే పోయేది. కానీ స్టీరింగు మాత్రం ఎడమకు వాలి ఉండేది. నేరుగా పోవాలంటే దాన్ని అలా వంకరగానే పట్టుకోవాలి. ఏడు నెలల్లో అతని చేతులు దానికి అలవాటు పడిపోయాయి. సుందరం బండెక్కినప్పుడల్లా నవ్వేవాడు — "ఏంది బావా, నీ స్టీరింగుకు మెడ పట్టిందా?"

ఆ రాత్రి మాత్రం నవ్వలేదు.

ఊరు దాటిన కాసేపటికి బండి ఎడమకు జరిగింది. దేవపాలు సర్దాడు. కొంతదూరం పోయాక మళ్లీ జరిగింది. లోపలి బల్బు మాడిపోయి చాలా కాలమైంది. క్యాబిన్ అంతా చీకటి.

"ఎడమకు గుంజుతాందిరా..."

"మోరీ ఇంకా రాలేదు కదా బావా," అన్నాడు సుందరం. "కుళ్లాయన్న ఈడిదాకా ఎదురొచ్చినాడా?"

వేళాకోళమే. కానీ ఆ మాట అంటూనే తలుపు పిడి పట్టుకున్నాడు.

దేవపాలు యేసు నామం చెప్పుకున్నాడు. ఎదురుగా రోడ్డు కనిపిస్తున్నంతసేపూ బండిని నడిమధ్యకు తెచ్చుకుంటూ పోయాడు. రెండు ఫర్లాంగుల రాయి వచ్చింది.

లైట్లు ఆర్పాడు.

అమావాస్యకు రెండు రోజులు. ముందు ఏమీ లేదు — ఇంజను చప్పుడు తప్ప.

అప్పుడు కనిపించింది... ఎడమవైపు, నేలకు మూడడుగుల ఎత్తులో, ఎర్రటి చుక్క.

"బీడీ," గొణిగాడు సుందరం.

ఎవరిది? ముందు పోయిన లారీవాడు పెట్టిపోయిందా... లేక దాని వెనక మనిషి ఉన్నాడా? ఆగితే చంపుతారు. దేవపాలు స్టీరింగును రోజూ పట్టుకునేచోట గట్టిగా బిగించి, వేగం పెంచాడు.

బండి ఎడమకు తిరిగింది.

ఎవరో అవతలి నుంచి లాగినట్టు — అన్నాడు దేవపాలు తర్వాత. "నేను నేరుగానే పట్టుకున్నా. అది పోయింది..."

ఎర్రచుక్క పెద్దదైంది. మీదికి వచ్చింది.

"కుళ్లాయన్నా!" అని అరిచాడు సుందరం.

మోరీ గోడ ఎడమ తలుపులోకి దూసుకొచ్చింది. సుందరం ఉన్న వైపు.

బాంబులు పడలేదు. మనుషులు రాలేదు. పావుగంట తర్వాత సిమెంటు లారీ ఒకటి ఆగి వాళ్లను ఎక్కించుకుంది. ప్రొద్దుటూరు ఆస్పత్రి చేరకముందే సుందరం పోయాడు.

తెల్లారేసరికి ఎర్రగుంట్లలో ఒకటే మాట. మిగిలిపోయిన ఐదోవాణ్ని కుళ్లాయప్ప తీసుకుపోయాడు. ఆ రోజు మోరీ గోడ మీద బీడీలు కాదు, కట్టలే పెట్టారు.

మధ్యాహ్నం మెకానిక్ యూనుస్ ఆస్పత్రికి వచ్చాడు. చేతికి కట్టుతో వరండాలో కూర్చున్న దేవపాలు పక్కన కూలబడ్డాడు.

"నిన్న బ్రేకుల పనికి బండి ఇచ్చినావు కదప్పా."

"ఇచ్చినా."

"స్టీరింగు వంకరని శానా రోజుల్నుంచి అంటాంటివి. పనిలో పనిగా ఊడదీసి... నేరుగా పెట్టినా. చీకటి పడినాక నువ్వొచ్చి బండి తీసుకపోయే యాళకు నమాజుకు పోయినా. చెప్పలేకపోయినా."

దేవపాలు తన చేతుల వైపు చూశాడు. లైట్లు ఉన్నంతవరకూ కళ్లు ఆ చేతులను సరిదిద్దాయి. లైట్లు ఆరాక, భయంలో, అవి ఏడు నెలలుగా ఎరిగిన చోటికే పోయాయి. ఎడమకు.

"నీకు మంచి చేద్దామనుకున్నా అప్పా," అని యూనుస్ ఏడ్చాడు.

దేవపాలు ఆ సంగతి రాహేలుకు చెప్పాడు. చుట్టాలకు, టీ బంకు దగ్గరి లారీవాళ్లకు చెప్పాడు. లాగింది దెయ్యం కాదు, నా చేతులే అన్నాడు. దుఃఖంలో మతి చెడిందన్నారు. రాహేలు ఒక్కతే నమ్మింది. ఆమె అడిగింది ఒక్కటే — "ఆ లైట్లు ఆర్పకపోతే ఏమయ్యేది?"

"బాంబు ఏసేవాళ్లే," అన్నాడు దేవపాలు.

ఆ మాట పట్టుకునే ఇద్దరూ ఐదు రోజులు గడిపారు.

మంగళవారం పేపర్లో కడప వార్త వచ్చింది. ఆరేళ్లుగా ఒకరినొకరు చంపుకున్న రెండు వర్గాల నాయకులు, మెడల్లో ఒకే పార్టీ కండువాలతో, ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. సాయంత్రం రంగన్న పరామర్శకు వచ్చినప్పుడు రాహేలు ఆ పేపరు అతని ముందు పెట్టింది.

"ఎప్పుడు కలిసినారు?"

రంగన్న దాచలేదు.

రాజీ కుదిరింది సుందరం చనిపోవడానికి ముందు రోజు. మోరీ కేసులో సాక్ష్యాలు ఉండవని, దారి కాచేవాళ్లను రెండు వైపులా తీసేస్తామని ఆ సాయంత్రమే మాట అనుకున్నారు. సుందరానికి కబురు చెప్పే పని రంగన్నకు అప్పగించారు. అతను బుధవారమంతా కండువాలు కొనే పనిలో ఉన్నాడు.