చంతబురిలో తెల్ల కోటు

డాక్టర్ విసాన్ పొద్దున్న ఎనిమిదింటికి చంతబురి రొయ్యల ల్యాబ్‌లో ఐస్ కాఫీ తాగాడు. అయిదు నిమిషాల్లో ప్రాణం పోయింది.

చెరువుల్లో రొయ్యల్ని చంపకుండా, ఎదగనివ్వకుండా పీల్చేసే ఫంగస్ జీనోమ్‌ను పూర్తిగా చదివిన మనిషి ఆయన. ఆయనకి కాపలా ఉన్న ఏజెంట్ థనేత్, శవం పక్కనుంచే కర్నల్ ప్రచక్‌కి ఫోన్ చేశాడు.

"రాత్రి విసాన్ నాతో మాట్లాడాడు," అన్నాడు కర్నల్. "సర్వర్‌లో జీనోమ్ ఫైలు ఎవరో మార్చారట. పదింటికల్లా అది పోర్టులోని టెస్టింగ్ మెషిన్లలోకి ఎక్కేస్తుంది. విదేశీ ముఠా ఓడలో రెండు కోట్ల రోగిష్టి రొయ్యపిల్లల సీడ్ ఉంది. తప్పుడు ఫైలుతో టెస్ట్ చేస్తే అంతా మంచిదనే చూపిస్తుంది. మధ్యాహ్నానికల్లా మన చెరువుల్లో ఉంటుంది."

"ఓడని ఆపించండి సార్."

"పోర్టులో ఎవరు మనవాళ్లో తెలీదు. సర్వర్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"విసాన్‌కి, నాకు." థనేత్ ఖాళీ కాఫీ గ్లాసు వైపు చూశాడు. "నరిసాకి నేనే చెప్పాను."

నరిసా అతని తోటి ఏజెంట్, పార్ట్‌నర్. తొమ్మిదేళ్లుగా. పొద్దున్న కాఫీలు తెచ్చింది ఆమే. పోలీసుల్ని పిలుచుకొస్తానని వెళ్లింది, ఇంకా రాలేదు.

పదికి నాలుగు నిమిషాలుండగా, మీసం అతికించుకుని, ఐస్ దిమ్మ భుజానికెత్తుకుని, దాన్ని లాగే కొక్కెం చేత పట్టుకుని థనేత్ పోర్టు ల్యాబ్‌లోకి నడిచాడు. గేటు దగ్గరి ముఠా మనుషులు ఐస్ వాడిని పట్టించుకోలేదు.

తెల్ల కోటులో నరిసా కంప్యూటర్ ముందు కూర్చునుంది. ఎర్ర లిప్‌స్టిక్, ముత్యాల పోగులు. స్క్రీన్ మీద ఫైలు తొంభై ఒక్క శాతం ఎక్కింది.

"మీసం నీకు నప్పలేదు థనేత్," అంది తిరక్కుండానే, స్క్రీన్‌లో అతని ప్రతిబింబం చూస్తూ. తిరిగినప్పుడు చేతిలో పిస్టల్ ఉంది.

"నా కాఫీలో ఎందుకు కలపలేదు?"

ఆ ప్రశ్నకి వేరే జవాబేదో వస్తుందని అతనికి ఇంకా ఆశ ఉంది.

"నువ్వూ పోతే నేరం ఎవరి మీద వెయ్యను? పాస్‌వర్డ్ నీది. కాపలా నువ్వే కాశావు."

"మా నాన్న చెరువులు కూడా పోతాయి నరిసా. నువ్వక్కడ భోంచేశావు."

"భోజనం బాగుంది. కదలకు."

తొంభై ఎనిమిది శాతం. థనేత్ దిమ్మను ఆమె మీదికి విసిరాడు. పిస్టల్ పేలి తూటా అతని భుజంలోంచి దూసుకుపోయింది. పడుతూనే చేతిలోని ఐస్ కొక్కేన్ని కేబుల్‌కి తగిలించి లాగాడు. తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ ఆగిపోయింది.

ఐస్ దిమ్మ కింద చిక్కిన చేతిని లాక్కోలేక నరిసా తిడుతుంటే కర్నల్ మనుషులు వచ్చారు. ఆమె బ్యాగులో అసలు ఫైలున్న పెన్‌డ్రైవ్ దొరికింది.

అంబులెన్సులో థనేత్ ఆమెను తీసుకెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నాడు.

"తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా అనుమానం రాలేదా?" అడిగాడు పక్కనున్న కర్నల్.

"వచ్చింది సార్. ఆమెనే అడిగాను. అలాంటిదేం లేదంది."